రీస్టార్ట్ అయ్యేలోపు

పదో తరగతి పరీక్ష నేను రెండుసార్లు రాశాను. ఇంటర్ మొదటి సంవత్సరం సగంలో లెక్కల సారుకీ నాకూ చెడింది. ఆయన కాలేజీలో ఉండిపోయాడు, నేను బయటికొచ్చేశాను. ఆ తర్వాత నాలుగేళ్లు ఏలూరులో కంప్యూటర్లు బాగుచేసే కొట్లో పనిచేశాను. అక్కడ అన్ని రోగాలకూ మేం వాడే మందు ఒక్కటే: ఫార్మాట్. స్పీడు తగ్గిందా, ఫార్మాట్. వైరసా, ఫార్మాట్. స్క్రీన్ మీద గీతలొస్తున్నాయంటే, వైరు లూజైందని తెలిసినా సరే, ముందు ఫార్మాట్ కొట్టి తర్వాత వైరు బిగించేవాళ్లం. కస్టమరుకి ఏదో జరిగినట్టు కనిపించాలి కదా.

అక్కణ్ణుంచి ఓపెన్ స్కూల్ సర్టిఫికెట్ ఒకటి చేతబట్టుకుని, ఒక ఏజెంటు మాట నమ్మి, మెల్‌బోర్న్‌లో వంట కోర్సుకి వచ్చాను. ఉల్లిపాయలు కోయడం నేర్చుకోవడానికి సముద్రం దాటినవాణ్ణి మా వంశంలో నేనొక్కణ్ణే.

మెల్‌బోర్న్ శివార్లలో, వెర్రిబీలో, ముగ్గురం ఒక ఇల్లు తీసుకుని ఉండేవాళ్లం. ఒకడు కరీంనగర్ నుంచి వచ్చి ఐటీలో మాస్టర్స్ చేస్తున్నవాడు. వాణ్ణి నేను బీటెక్ అనే పిలిచేవాణ్ణి. ఇంకొకాయన మా ఇద్దరికన్నా ఎనిమిదేళ్లు పెద్ద, రేపల్లె వైపు మనిషి. పగలు అకౌంటింగ్ క్లాసులు, సాయంత్రం వృద్ధాశ్రమంలో పని. ఆయన్ని ఇద్దరం అన్నా అనేవాళ్లం. బీటెక్ యూనివర్సిటీకి వెళ్లి కంప్యూటర్ల గురించి చదువుకొచ్చేవాడు. ఇంట్లో కంప్యూటరు ఆగిపోతే మాత్రం నన్ను పిలిచేవాడు. "ఏం సార్, నాలుగేళ్లు ఏం చెప్పార్రా మీకు? మౌసుకి తోక ఎటువైపుంటుందో చెప్పలేదా?" అని నేను ఏడిపిస్తే, "మాది థియరీ రా బై, నీది మెకానిక్ పని" అనేవాడు. ఆ ఇంట్లో నా పరువంతా ఆ మెకానిక్ పని మీదే నిలబడి ఉండేది. ఇది ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే తర్వాత నేను చేసినదానికి ఇంతకుమించిన కారణం నాకు దొరకలేదు.

మే నెలలో ఒక ఉదయం ఏడింటికి అన్నకి ఫోనొచ్చింది. వాళ్లక్క పోయింది.

ఆమె సంగతి మాకు తెలుసు. అన్నకి ఆరేళ్లప్పుడు తల్లి పోతే, పద్నాలుగేళ్ల ఆ పిల్ల తను బడి మానేసి ఈయన్ని పెంచింది. పెళ్లయ్యాక కూడా వెంట తీసుకెళ్లింది. మూడు నెలలుగా గుంటూరు ఆసుపత్రిలో ఉంది. చివరి వారంలో ఆమె ఒక్కటే అడిగిందట: శవపెట్టె మూత వేసే ముందు చేసే ఆఖరి ప్రార్థన తమ్ముడే చేయాలి, తను కనపడేలా చేయాలి అని. కనపడేలా అనడంలో ఆమె ఉద్దేశం మనిషి రావాలనే. కానీ మనిషి ఎలా వస్తాడు? అక్కడ రోళ్లు పగిలే ఎండలు. మర్నాడు పదకొండింటికి ఇంటి ముందు పందిట్లోనే ఆరాధన పెట్టుకుని, పన్నెండింటికల్లా సమాధుల దొడ్డికి తీసుకెళ్లాలని పెద్దలు నిర్ణయించేశారు. మాకు ఆ పదకొండంటే మధ్యాహ్నం మూడున్నర.

గుంటూరులో బ్యాంకు ఉద్యోగం చేసే, అన్నకి తమ్ముడు వరసైన ఒకాయన ఉన్నాడు. తన ల్యాప్‌టాప్ పట్టుకుని రేపల్లె వెళ్తానన్నాడు. దాన్ని పెట్టె పక్కన పెడితే ఇటు అన్న కనపడతాడు, అటు అక్క కనపడుతుంది. అప్పట్లో మా ఫోన్లకి బొమ్మ చూపించేంత తెలివి లేదు. ఇంట్లో పనిచేసే ల్యాప్‌టాప్ కూడా అన్నదొక్కటే. బీటెక్ తనదాని మీద పప్పుచారు ఒలకబోసుకుని మూడు వారాలైంది.

మర్నాడు మాకు పదిన్నరకి, ఆ తమ్ముడు గుంటూరులో బయల్దేరే ముందు, ఒకసారి వీడియో కాల్ చేసి చూశాం. కలిసింది. బొమ్మ ఆగి ఆగి వస్తోంది, మాట రెండు క్షణాలు వెనకబడుతోంది, ల్యాప్‌టాప్ లోపల ఫ్యాను పిండిమర లాగా మోగుతోంది. అయినా కనపడ్డారు, వినపడ్డారు.

"చాలు లేరా. ముఖం తెలుస్తోంది గదా" అన్నాడు అన్న.

నాకు చాలలేదు. ఆ ల్యాప్‌టాప్ నిండా వైరస్. ఊళ్లో ఉన్న పెన్ డ్రైవులన్నీ దాంట్లో దూరి పోయినవే.

"అన్నా, ఇది మధ్యలో కచ్చితంగా ఆగిపోద్ది. గంట టైమివ్వు. మొత్తం తుడిచేసి కొత్తది ఎక్కించిస్తా. అద్దంలా కనపడతావు."

"ఇప్పుడెందుకురా? నడుస్తోంది గదా."

"నడవడం కాదన్నా, నిలబడాలి కదా అక్కడ దాకా."

బీటెక్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "ఇయ్యాల వద్దు రా బై. రేపు చేస్కో" అన్నాడు.

"మెకానిక్ పని నాది, థియరీ నీది. నువ్వెళ్లి అన్నకి చొక్కా ఇస్త్రీ చెయ్యి" అన్నాను.

అన్న నా ముఖంలోకి చూశాడు. ముందు రోజు నుంచి ఆయన ఏదీ తేల్చుకోలేకపోతున్నాడు. టీ తాగాలా వద్దా అన్నది కూడా మేమే తేల్చాం. "నీకు తెలుసు గదా, చూడు" అన్నాడు. ఆ మాటతో నా ఒళ్లు గాల్లో తేలింది. ఒక చావింట్లో నాకు అలా అనిపించింది. దాచుకోను.

విండోస్ సీడీ గీతలు పడి పనికిరాకుండా పోయి చాన్నాళ్లైంది. నా దగ్గరున్నది విండోస్‌కి బదులు ఎక్కించుకునే లైనక్స్ సీడీ ఒక్కటే, కాలేజీలో ఎవరో ఉచితంగా పంచుతుంటే తెచ్చుకున్నది. రెండుసార్లు వేరే కంప్యూటర్లలో ఎక్కించి చూశాను, బాగానే నడిచింది. పదకొండింటికి మొదలుపెట్టాను. పదకొండూ యాభైకల్లా అయిపోయింది. కొత్త స్క్రీన్ తళతళలాడుతూ లేచింది. ఫ్యాను చప్పుడు లేదు. "చూశావా సార్, యాభై నిమిషాలు. మీ యూనిలో ఇది ఒక సెమిస్టరు" అన్నాను బీటెక్‌తో. వాడు నవ్వలేదు.

ఇంటర్నెట్ తెరవబోతే వైఫై లేదు. ఆగిపోయిందని కాదు, ఆ ల్యాప్‌టాప్‌కి అసలు వైఫై అనేది ఉన్నట్టే కొత్త సిస్టమ్‌కి తెలియదు. తెర మీద వచ్చింది చదివితే అర్థమైంది: వైఫై పనిచేయాలంటే ఒక చిన్న ఫైలు కావాలి. ఆ ఫైలు ఇంటర్నెట్‌లో ఉంది. ఇంటర్నెట్‌కి వెళ్లాలంటే వైఫై కావాలి. ఎప్పుడైనా అయితే దీని మీద అరగంట జోకులేసేవాణ్ణి. గడియారం చూసుకుంటే పన్నెండున్నర.

ఇక మిగిలింది వైరు. ఇంటర్నెట్ డబ్బా మా ఇంట్లో బట్టలుతికే గదిలో, వాషింగ్ మెషీన్ పైన గోడకి ఉండేది. దాంతో వచ్చిన వైరు రెండడుగులు. అంటే ల్యాప్‌టాప్ ఆ గది దాటి బయటికి రాదు. ఒక మనిషి కూర్చుంటే ఇంకొకడు నిలబడాల్సినంత గది. హాల్లో బీటెక్ అప్పటికే తెల్ల దుప్పటి గోడకి కట్టి, దాని ముందు కుర్చీ వేసి, బైబిలు పెట్టి ఉంచాడు. నేను వెళ్లి, "కుర్చీ ఇటు తేరా" అన్నాను. కుర్చీ పట్టలేదు. బట్టల బుట్ట బోర్లించాం.

వైరు పెట్టగానే ఇంటర్నెట్ వచ్చింది. వీడియో కాల్ ప్రోగ్రాం దించుకుని, ఎక్కించి, రెండూ ఇరవైకి మళ్లీ కలిపాం. అవతల ఆ తమ్ముడు రేపల్లె ఇంటి వరండాలో ఉన్నాడు. వెనక ఏడుపులు వినపడుతున్నాయి. ఆయన కళ్లు చిట్లించి తెరలోకి చూస్తున్నాడు, మెడ పక్కకి వంచి.

"అన్నయ్యా, నువ్వు తలకిందులుగా కనపడుతున్నావేంటి?"

అన్న ఏదో అన్నాడు.

"అన్నయ్యా, మాట రావట్లేదు. వినపడట్లా. ఏంటిది, పొద్దున బానే ఉందిగా?"

అటు మాటలు మాకొస్తున్నాయి. ఇటువి అటు పోవడం లేదు. బొమ్మ పోతోంది, కానీ తలకిందులుగా. కొన్ని ల్యాప్‌టాప్‌లలో కెమెరాని తయారుచేసినవాళ్లే తిరగేసి బిగిస్తారట. విండోస్ దాన్ని నిమ్మళంగా సరిచేసి చూపిస్తుంది, నా లైనక్స్ ఉన్నది ఉన్నట్టు చూపించింది. ఇది నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది.

"అక్కని చూపించమను" అన్నాడు అన్న నాతో, తన మాట పోదని గుర్తొచ్చి. నేను ఫోన్ చేసి అడిగాను.

"లోపల ఆడవాళ్లు స్నానం చేయించి బట్టలు మారుస్తున్నారండీ. ఇప్పుడు కుదరదు. పందిట్లోకి తెచ్చాక చూపిస్తా. మీరు ముందు అన్నయ్యని నిటారుగా పెట్టండి, చుట్టాలంతా చూస్తారు" అన్నాడాయన.

మైకు కోసం గంట కొట్టుకున్నాను. ఉన్న మీటలన్నీ పైకి జరిపాను, కిందికి జరిపాను. ఇంటర్నెట్‌లో ఎవరో రాసిన లైన్లు ఒక్కొక్కటీ కొట్టాను, వాటి అర్థం తెలిసీ కాదు, తెలియకా కాదు. అన్న తెల్లచొక్కా వేసుకుని, తల దువ్వుకుని, బట్టల బుట్ట మీద కూర్చుని నా చేతులకేసి చూస్తున్నాడు. ఒక్కసారి కూడా తొందర పెట్టలేదు. సబ్బు వాసన, తడి తువాళ్ల వాసన. ఆ గదిలో కిటికీ లేదు.

మూడుంబావుకి బీటెక్ వచ్చి, "మాటకి ఫోనుందిగా. ఫోన్ల మాట్లాడనీ, దీంట్ల చూడనీ. అయిపాయె" అన్నాడు.

అంత తేలిక. గంటసేపటిగా నా బుర్రకి తట్టనిది. కాలింగ్ కార్డుతో తమ్ముడి ఫోనుకి కలిపాం. అన్న చేతులు ఖాళీగా ఉండాలని నేనే ఫోన్ స్పీకరు ఆన్ చేసి, వాషింగ్ మెషీన్ మూత మీద పెట్టాను. అక్కడ ఆయన, ప్రార్థన వేళకి తన ఫోను పందిట్లో మైకు దగ్గర పెడతానన్నాడు.

మూడున్నరకి పాట మొదలైంది. తెరలో పందిరి, జనం వీపులు, మధ్యలో తెల్లటి గుడ్డ అంచు, పూలు. పెట్టె ఉందని తెలుస్తోంది. ముఖం తెలియడం లేదు. "ప్రార్థనప్పుడు దగ్గరికి తీసుకెళ్తా అన్నయ్యా" అన్నాడు తమ్ముడు. ఎవరో ఆడమనిషి తెరలోకి వంగి చూసి, "అయ్యో, ఇదేం చోద్యం, పిల్లోడు తలకిందులుగా ఉన్నాడే" అంది. ఇంకో ఇద్దరు వచ్చి చూశారు. ఎవరో కిసుక్కుమన్నారు. అన్న చూపు దించుకున్నాడు.

సరిగ్గా అప్పుడే తెర మీద ఇంకో విండోలో నేను వెతుకుతున్న పేజీ తెరుచుకుంది. తలకిందుల కెమెరాకి మందు. రెండు లైన్లు కొట్టాలి, ఒకసారి రీస్టార్ట్ చేయాలి.

"అన్నా, దొరికింది. రెండు నిమిషాలు."

"వద్దురా. ఇలాగే ఉండనీ. నాకు అక్క సరిగ్గానే కనపడుద్ది గదా."

"నువ్వెలా కనపడతావో చూడాలి కదన్నా. ఆఖరి ప్రార్థన. ఊరందరి ముందు గబ్బిలంలా వేలాడుతూ చేస్తావా?"

ఆ మాట నేను అన్నాను. అంత మంచి పోలిక ఆ సమయంలో ఎందుకు తట్టిందో నాకు తెలియదు. నోటికొచ్చింది అనేయడమే నాకున్న ఒకే ఒక్క విద్య.

ఆయన తెర వైపు తిరిగాడు. "పాస్టరుగారు వాక్యం మొదలెడితే గంట లేరా. ఎప్పుడూ గంటకి తగ్గరు" అన్నాడు. "చెయ్యి మరి."

మావాళ్ల ఆరాధనలు నేనూ చాలా చూశాను. పావుగంట అని మొదలుపెట్టి గంటన్నర చెప్పే పాస్టర్లని నవ్వుతూ అనుకరించేవాణ్ణి. అన్న అన్నది అక్షరాలా నిజమని నాకూ నమ్మకమే. రీస్టార్ట్ నొక్కాను.

అది మూసుకోవడం మొదలుపెట్టి మధ్యలో ఆగింది. ఒక నిమిషం చూశాను. రెండు. ఏలూరు కొట్లో ఇలాంటప్పుడు ఏం చేస్తామో అదే చేశాను: పవర్ బటన్ నొక్కి పట్టుకున్నాను. ఆరిపోయింది. మళ్లీ నొక్కాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వరుసగా దిగుతూ వచ్చి ఒకచోట నిలబడ్డాయి. డిస్కు సరిగ్గా మూయలేదు, తనిఖీ చేస్తున్నాను అని. కింద ఒక శాతం. చాలాసేపటికి రెండు శాతం.

ఫోన్లో పాస్టరుగారి గొంతు వినపడుతోంది. ఎండ ఎక్కువగా ఉంది, పెద్దవాళ్లు ఇద్దరు అప్పటికే కళ్లు తిరిగి పడిపోయారు, అందువల్ల వాక్యం క్లుప్తంగా ముగిస్తున్నాను అంటున్నారాయన. ఇరవయ్యేళ్లలో ఆయన క్లుప్తంగా ముగించిన రోజు అదొక్కటేనట. తర్వాత అన్నే చెప్పాడు.

"ఇప్పుడు ఆమె తమ్ముడు, ఆస్ట్రేలియా దేశం నుండి, మనల్ని ప్రార్థనలో నడిపిస్తాడు" అన్నారు పాస్టరుగారు.

ఫోన్లో గరగరమని చప్పుడు, దాన్ని మైకు దగ్గర పెట్టినట్టు. "అన్నయ్యా, తెర నల్లగా అయిపోయింది. నువ్వు కనపడట్లా. అక్క దగ్గరే ఉన్నా నేను. చెయ్యి, అందరూ నిలబడ్డారు."

అన్న నావైపు తిరిగాడు. తొమ్మిది శాతం.

ఆ క్షణంలో ఒక మంచి మాట చెప్పాలనుకున్నాను. ఒట్టు, ధైర్యం చెబుదామనే అనుకున్నాను. "ఎలాగూ కళ్లు మూసుకునే కదన్నా చేసేది" అన్నాను.

ఆయన కళ్లు మూసుకోలేదు. ఆ తెల్ల అక్షరాల వైపు చూస్తూనే మొదలుపెట్టాడు. "ప్రభువా, మా అక్కని నీ చేతుల్లో పెడుతున్నాం. అమ్మ పోయిన రోజు నాకు అన్నం కలిపి పెట్టింది..." ఆ తర్వాత ఏం చెప్పాడో నాకు పూర్తిగా తెలియదు. నేను ఆయన పక్కనే నిలబడి తెర చూస్తున్నాను. శాతాలు చూస్తున్నాను. ముప్ఫై ఎనిమిది దగ్గర ఆగింది. మళ్లీ కదిలింది. ఆయన గొంతు ఒకచోట తెగి, మళ్లీ అతుక్కుంది. ఆమెన్ అన్నాడు. ఫోన్లో చాలామంది ఆమెన్ అన్నారు. తర్వాత సుత్తి చప్పుడు.

కాల్ మళ్లీ కలిసేసరికి పందిరి ఖాళీ. కుర్చీలు సర్దుతున్నారు. వీధి మలుపులో తెల్ల చొక్కాల గుంపు వెళ్తోంది. ఇక్కడ ఒక మూల చిన్న గళ్లో అన్న కనపడ్డాడు, నిటారుగా. ఆ రెండు లైన్లు పనిచేశాయి.

"సరే" అని లేచాడు అన్న. తల గోడ అరకి తగిలింది. ఆ సాయంత్రం డ్యూటీకి వెళ్లాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిడతాడని నేను రెండు రోజులు ఇంట్లో నవ్వకుండా తిరిగాను. మూడో రోజు నుంచి నవ్వితే బాగుండదని తిరిగాను.

జులైలో రేపల్లె నుంచి ఎవరో చదువుకోవడానికి వస్తూ ఆ రోజు ఆరాధన వీడియో డిస్కు తెచ్చిచ్చారు. అక్కడ పెళ్లికీ చావుకీ వీడియోవాడు ఉంటాడు. అన్న దాన్ని వారం రోజులు కవరు విప్పకుండా ఉంచి, ఒక ఆదివారం మధ్యాహ్నం హాల్లో టీవీకి పెట్టాడు. "కూర్చో" అన్నాడు నన్ను. బీటెక్ వంటింట్లో ఉన్నాడు.

పాట, జనం, పాస్టరుగారి క్లుప్తమైన వాక్యం. తర్వాత కెమెరా పెట్టె దగ్గరికి వెళ్లింది. అక్క ముఖం తెర నిండా వచ్చింది. చిక్కిపోయి ఉంది. నుదుటి మీద ఎవరో జుట్టు సర్దారు. అన్న ముందుకి వంగాడు. మైకులో ఆయన గొంతు మొదలైంది, ఫోన్లోంచి వచ్చే గొంతులా సన్నగా. అమ్మ పోయిన రోజు నాకు అన్నం కలిపి పెట్టింది.

దాని మీద ఇంకో గొంతు. పందిరంతా మోగేంత గట్టిగా.

"ఆగింది. దీనెమ్మ, మళ్లీ ఆగింది. రెండు నిమిషాలన్నా, రెండే నిమిషాలు. ఆ, కదిలింది. ముప్ఫై తొమ్మిది. నలభై. కమాన్, కమాన్..."

నేను మాట్లాడినట్టు నాకు గుర్తు లేదు. మనసులోనే అనుకున్నానని అప్పటిదాకా నా నమ్మకం. స్పీకరు ఆన్ చేసి నేనే మూత మీద పెట్టిన ఫోను, ఆయనకన్నా నాకే దగ్గరగా ఉంది. తెరలో కొందరు కళ్లు తెరిచి చుట్టూ చూశారు. పెట్టె అంచు మీద చెయ్యి వేసి నిలబడ్డ అన్న వాళ్ల బావగారు తలెత్తి స్పీకరు బాక్సు వైపు చూసి, మళ్లీ తల దించుకున్నారు. అన్న ప్రార్థన కింద ఎక్కడో నడుస్తూనే ఉంది. పైన నేను శాతాలు లెక్కపెడుతున్నాను. ఆమెన్ కూడా సగమే వినపడింది. మూత తెచ్చారు.

అన్న రిమోట్ తీసుకున్నాడు. ఆపేస్తాడనుకున్నాను. సౌండ్ పూర్తిగా తగ్గించి, వెనక్కి తిప్పి, అక్క ముఖం వచ్చిన చోట మళ్లీ మొదలుపెట్టాడు. చప్పుడు లేకుండా చూశాడు. మూత దగ్గరికి రాగానే మళ్లీ వెనక్కి తిప్పాడు.

వంటింట్లోంచి బీటెక్ అరిచాడు. "ఏందన్నా, సౌండ్ వస్తలేదా? ఆణ్ని జూడమను జర!"

"వద్దు" అన్నాడు అన్న.